ఎర్రచందనం దుంగ, అలుగు పొలుసు, ఊద్ డబ్బా: అడవి సరుకు స్మగ్లింగ్‌ను దేశాలు కలిసి ఎట్లా పడతాయి? గల్ఫ్ పోయొచ్చే మనోళ్లు ఏం తెలుసుకోవాలి?

హుజూర్‌నగర్: మన ఊరి నుంచి మట్టపల్లి పోయి కృష్ణ దాటితే ఆంధ్రప్రదేశ్. కోదాడ మీదుగా పోయినా అంతే, రామాపురం క్రాస్ రోడ్డు దాటితే రాష్ట్రం మారిపోతది. నది వెంట ఎగువకు, నాగార్జునసాగర్ దాటి పోతే ఈ గట్టున మన అమ్రాబాద్ టైగర్ రిజర్వు ఉంటది, ఆ గట్టున నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు. రాష్ట్రం విడిపోకముందు ఈ రెండూ ఒకటే అడవి, ఒకటే శాఖ. ఇప్పుడు శాఖలు రెండు, ఆఫీసర్లు వేరు, కేసు ఫైళ్లు వేరు.

ఈ పంపకం పులికి తెలియదు. ఉచ్చు పెట్టేవాడికి తెలుసు, దాన్ని వాడుకోవడం కూడా తెలుసు. ఇవతల వేటాడి అవతల అమ్మితే, ఇక్కడి ఫైలు అక్కడికి పోయేలోపు సరుకు మూడు చేతులు మారుతుంది.

ఒక్క నది దాటితేనే ఇంత కథ ఉంటే, సముద్రాలు దాటే సరుకు సంగతి ఏంటి? శేషాచలంలో నరికిన దుంగ గుజరాత్ పోర్టుకు, అక్కడి నుంచి గల్ఫ్‌కు, చివరికి చైనాలో ఎవరి ఇంట్లోనో కుర్చీగా మారే దాకా నాలుగైదు ప్రభుత్వాల చేతుల కింద నుంచి పోతుంది. వీటిని కలిపి పనిచేయించే ఏర్పాటు ఏంటి, అది ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, మన కుటుంబాలకు దానితో ఏం సంబంధం? ఒక్కొక్కటిగా చూద్దాం.

సరుకు ఒక్కటి, దేశాలు మూడు

బీకాంలో సప్లై చైన్ అని చదువుకుంటాం. సరుకు పుట్టే చోటు, మధ్యలో ఆగే చోటు, అమ్ముడుపోయే చోటు. అడవి దొంగ సరుకుకు కూడా ఇదే లెక్క.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఎర్రచందనం. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. ముఖ్యంగా చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాల పాత సరిహద్దుల్లోని కొండల్లో, అంటే శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల చుట్టూ. పుట్టే చోటు ఇంత చిన్నది, కొనేవాళ్లు మాత్రం దూర దేశాల్లో ఉన్నారు. చైనాలో దీంతో ఖరీదైన ఫర్నిచర్ చేస్తారు, జపాన్‌లో సంగీత వాయిద్యాలకు వాడతారు, రంగు తీయడానికి కూడా పనికొస్తుంది. మన దగ్గర అడవి నుంచి కొట్టిన ఎర్రచందనాన్ని ప్రైవేటు వాళ్లు ఎగుమతి చేయడం నిషేధం. అయినా పోతోంది.

ఎట్లా పోతుందో ఒక కేసు చూస్తే అర్థమైతది. 2022లో డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్, అంటే డీఆర్ఐ, 'ఆపరేషన్ రక్త్ చందన్' పేరుతో గుజరాత్‌లోని ముంద్రా పోర్టు దగ్గర ఒక కంటైనర్‌ను పట్టుకుంది. అది షార్జాకు పోవాల్సిన సరుకు. కాగితాల మీద లోపల ఉన్నవి సబ్బులు, షాంపూల లాంటి టాయిలెట్ సామాన్లు. స్కానింగ్‌లో కనిపించినవి దుంగలు. విప్పి చూస్తే కోట్ల రూపాయల విలువైన ఎర్రచందనం.

ఇందులో దేనికది లెక్కేసి చూడండి. చెట్టు నరికింది ఆంధ్రప్రదేశ్ అడవిలో, అది అటవీ శాఖ కేసు. తప్పుడు కాగితాలు పెట్టింది గుజరాత్‌లో, అది కస్టమ్స్ కేసు. దిగాల్సింది యూఏఈలో, అక్కడి చట్టం వేరు. ఒకవేళ ఆ సరుకు ముంద్రా దాటి ఉంటే, షార్జాలో కొత్త కాగితాలు పుట్టేవి, కొత్త పేరుతో ఇంకో ఓడ ఎక్కేది. అప్పుడు చైనా కస్టమ్స్ ముందుకు వచ్చే కాగితాల్లో ఇండియా పేరే ఉండకపోవచ్చు. సరుకు మధ్య దేశంలో ఆగడం వెనుక అసలు పని ఇదే, పుట్టిన ఊరు చెరిపేయడం.

పట్టుబడేది ఎవరు?

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం స్మగ్లింగ్ నిరోధక టాస్క్‌ఫోర్స్ జరిపిన కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు, చెట్లు కొట్టే కూలీలని చెప్పబడ్డవాళ్లు. ఆ ఘటన మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా విచారణ పోయింది. ఆ 20 ఇండ్లల్లో చైనాలో ఫర్నిచర్ దుకాణం ఎవరికీ లేదు, దుబాయ్‌లో గోడౌన్ ఎవరికీ లేదు.

అడవి నేరాల్లో ఎప్పుడూ ముందు దొరికేది గొలుసులో చిట్టచివర ఉన్న పేదోడు. నరికేవాడు, మోసేవాడు, డ్రైవరు. వాళ్ల జేబులో పడేది కూలి. అసలు లాభం సరిహద్దు అవతల, వాళ్ల పేరు కూడా తెలియనివాళ్ల ఖాతాలో పడతది. దేశాలు ఒకదానికొకటి సమాచారం ఇచ్చుకోకపోతే కేసు కూలీ దగ్గరే మొదలై కూలీ దగ్గరే అయిపోతది. అంతర్జాతీయ సమన్వయం అనే పెద్ద మాటకు మన భాషలో అర్థం ఇదే: కేసును కూలీ దగ్గర ఆపకుండా కొనేవాడి దాకా తీసుకుపోవడం.

అట్లా తీసుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. ఎర్రచందనం కేసుల్లో ప్రధాన నిందితుల్లో ఒకరైన కొల్లం గంగిరెడ్డి దేశం దాటిపోయాక ఇంటర్‌పోల్ ద్వారా రెడ్ నోటీసు జారీ అయింది. 2015 ఫిబ్రవరిలో ఆయన మారిషస్‌లో దొరికారు. అదే ఏడాది నవంబరులో ఇండియాకు తీసుకొచ్చారు. మనిషి దొరికాక కూడా ఇంటికి తేవడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టిందన్నమాట. అక్కడి కోర్టు, అక్కడి చట్టం, ఇక్కడి కాగితాలు, అన్నీ కలిస్తేనే విమానం కదులుతది.

సైటీస్: ప్రపంచానికి ఒక జాబితా

దేశాలు కలిసి పనిచేయాలంటే ముందు ఏది దొంగ సరుకో, ఏది కాదో అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఆ ఒక్క మాట పేరు సైటీస్. అంతరించిపోయే ప్రమాదం ఉన్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందం. 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో సంతకాలైంది, 1975 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇండియా 1976లో చేరింది. యూఏఈ 1990లో, సౌదీ అరేబియా 1996లో చేరాయి. ఇప్పుడు 180కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. మార్చి 3ను ప్రపంచ వన్యప్రాణి దినంగా జరుపుకునేది ఇందుకే.

సైటీస్‌లో మూడు జాబితాలు ఉంటాయి.

మొదటి జాబితా: దాదాపు పూర్తి నిషేధం. అడవి నుంచి తెచ్చి వ్యాపారం చేయడానికి లేదు. పులి, అలుగు, నక్షత్ర తాబేలు ఇందులోవే. నల్లమలలో కూడా తిరిగే మన అలుగు పొలుసుల కోసం చైనా, వియత్నాం మార్కెట్ల నుంచి డిమాండ్ పెరగడంతో 2016లో జోహన్నెస్‌బర్గ్ సమావేశంలో అలుగు రకాలన్నిటినీ ఈ జాబితాలోకి మార్చారు. రాయలసీమ ఎండు నేలల్లో ఉండే నక్షత్ర తాబేలును 2019లో జెనీవా సమావేశంలో చేర్చారు.

రెండో జాబితా: వ్యాపారం చేయొచ్చు, కానీ పర్మిట్ కావాలి. ఎర్రచందనం 1995 నుంచి ఇందులో ఉంది. అగరు చెట్టు, అంటే మనం ఊద్ అని వాడేది, అది కూడా ఇందులోనే.

మూడో జాబితా: ఏదైనా ఒక దేశం "మా దగ్గర ఇది తగ్గిపోతోంది, మీరూ కాస్త చూడండి" అని అడిగి పెట్టించుకునేది.

సభ్య దేశాలు రెండు మూడేళ్లకోసారి కూర్చుని ఈ జాబితాలు మారుస్తాయి. చివరిసారి 2025 నవంబరు, డిసెంబరుల్లో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో కూర్చున్నాయి.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సైటీస్‌కు సొంత పోలీసులు లేరు, సొంత జైలు లేదు. అది ఒక రూల్ బుక్ మాత్రమే. పట్టుకోవడం, కేసు పెట్టడం, శిక్ష వేయడం ఏ దేశానికి ఆ దేశం చేయాల్సిందే. నిబంధనలు పాటించని దేశం మీద మాత్రం వ్యాపారం ఆపమని మిగతా దేశాలకు చెప్పగలదు. ఎర్రచందనం విషయంలో ఇండియా కూడా 2004 నుంచి సైటీస్ ప్రత్యేక పరిశీలన కింద ఉండి, 2023 నవంబరులో గాని దాని నుంచి బయటపడలేదు.

ఐదు ఆఫీసులు, ఒక్క జట్టు

రూల్ బుక్ సైటీస్ దగ్గర ఉంది, పోలీసుల నెట్‌వర్క్ ఇంటర్‌పోల్ దగ్గర, కస్టమ్స్ వాళ్లది ఇంకో చోట. వీళ్లంతా ఎవరి దారిలో వాళ్లు పోతుంటే స్మగ్లర్‌కు సులువు. అందుకే 2010 నవంబరులో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, పులుల రక్షణ మీద దేశాధినేతల సమావేశం జరిగినప్పుడు, ఐదు సంస్థలు కలిసి ఒక జట్టు కట్టాయి. వన్యప్రాణి నేరాల నిరోధానికి అంతర్జాతీయ కన్సార్షియం అని దాని పేరు. ఎవరి పని ఏంటో క్లుప్తంగా:

సైటీస్ సచివాలయం, జెనీవా: ఏది చట్టబద్ధం, ఏ పర్మిట్ అసలుది అనే లెక్క.

ఇంటర్‌పోల్, ఫ్రాన్స్‌లోని లియోన్: దేశాల పోలీసుల మధ్య సమాచారం. ఇంటర్‌పోల్ వాళ్లు సినిమాల్లో లాగా వచ్చి బేడీలు వేయరు. రెడ్ నోటీసు అంటే "ఈ మనిషి మీ దగ్గర ఉంటే చూడండి" అని మిగతా దేశాలకు చేసే విన్నపం. అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆ దేశ చట్టం ప్రకారమే. మన దేశంలో ఇంటర్‌పోల్‌తో మాట్లాడే ఆఫీసు సీబీఐ.

ప్రపంచ కస్టమ్స్ సంస్థ, బ్రస్సెల్స్: పోర్టులు, ఎయిర్‌పోర్టుల్లో ఏ కంటైనర్ మీద అనుమానపడాలో చెప్పే సమాచారం, శిక్షణ.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం, వియన్నా: చట్టాలు రాయడంలో సాయం, ఆధారాలు కోర్టులో నిలబడేట్టు చేయడం.

ప్రపంచ బ్యాంకు, వాషింగ్టన్: డబ్బు దారి పట్టుకోవడం, అడవి పక్క ఊర్లకు వేరే బతుకుదెరువు చూపించడం.

వీళ్లు నేర్పే పద్ధతుల్లో ఒకటి ఆసక్తిగా ఉంటది. దొంగ సరుకు దొరగ్గానే అక్కడే పట్టుకోకుండా, నిఘా పెట్టి పోనిస్తారు. అవతలి దేశం పోలీసులకు ముందే చెప్తారు. సరుకు ఎవరి తలుపు ముందు ఆగుతుందో అక్కడ పడతారు. ఇందులో మోసేవాడితోపాటు కొనేవాడు కూడా దొరుకుతాడు. కానీ రెండు దేశాల మధ్య నమ్మకం లేకపోతే ఈ పద్ధతి నడవదు. పోనిచ్చిన సరుకు అవతల మాయమైతే జవాబు చెప్పేది పోనిచ్చిన ఆఫీసరే కదా.

ఇంటర్‌పోల్, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి ఏటా 'ఆపరేషన్ థండర్' నడుపుతాయి. 2024 నవంబరు 11 నుంచి డిసెంబరు 6 దాకా 138 దేశాలు, ప్రాంతాల్లో ఒకేసారి తనిఖీలు చేశారు. దాదాపు 20,000 బతికి ఉన్న జంతువులు, పక్షులు దొరికాయి. 365 మందిని అరెస్టు చేశారు. ఆరు అంతర్జాతీయ ముఠాల ఆనవాళ్లు తేలాయి. ఒకే నెలలో అన్ని చోట్లా చూస్తే ఇంత దొరికిందంటే, మిగతా 11 నెలల సంగతి మీరే ఊహించుకోవచ్చు.

మన దేశంలో ఎవరు చూస్తారు?

ఢిల్లీ కేంద్రంగా వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో 2007లో ఏర్పడింది. రాష్ట్రాల అటవీ శాఖలు, పోలీసులు, కస్టమ్స్, విదేశీ సంస్థల మధ్య వంతెన లాంటిది. దక్షిణ రాష్ట్రాల కోసం దాని ప్రాంతీయ ఆఫీసు చెన్నైలో ఉంది. ఇంకోవైపు దక్షిణాసియాలోని ఎనిమిది దేశాలు కలిసి 2011లో భూటాన్‌లోని పారోలో ఒక నెట్‌వర్క్ మొదలుపెట్టాయి, దాని ఆఫీసు ఖాట్మండులో ఉంది. ఎర్రచందనం నేపాల్ మీదుగా టిబెట్ దారి పట్టడం పాత సంగతే కాబట్టి, ఖాట్మండుతో మాట సాఫీగా నడవడం మనకు చాలా అవసరం.

చట్టంలో పెద్ద మార్పు 2022లో వచ్చింది. అంతకుముందు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మన దేశపు జంతువులనే ఎక్కువగా పట్టించుకునేది. బ్యాంకాక్ నుంచి ఎవరైనా సూట్‌కేసులో విదేశీ కొండచిలువ పిల్లల్ని తెస్తే అది ప్రధానంగా కస్టమ్స్ కేసే. 2022 సవరణ సైటీస్ జాబితాను నేరుగా మన చట్టంలోకి తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటి షెడ్యూల్ జంతువుల కేసుల్లో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

ఆధారం చెప్పే ల్యాబ్ మన హైదరాబాద్‌లోనే

కేసు పెట్టడం ఒక ఎత్తు, కోర్టులో నిలబెట్టడం ఇంకో ఎత్తు. వండిన మాంసం ముక్క, పొడి చేసిన ఎముక, తోలు బెల్టు తెచ్చి "ఇది ఫలానా జంతువుది" అంటే జడ్జి ఎట్లా నమ్మాలి? అవతలి దేశం కోర్టు ఎట్లా నమ్మాలి?

దీనికి జవాబు ఇచ్చినవాళ్లలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ముందున్నారు. లాల్జీ సింగ్ డైరెక్టర్‌గా ఉన్న కాలంలో అక్కడ ఒక డీఎన్‌ఏ పద్ధతి తయారైంది. ఏ జంతువుదో ముందుగా తెలియకపోయినా, చిన్న నమూనా నుంచి అది ఏ జాతిదో చెప్పగల పద్ధతి అది. అత్తాపూర్‌లోని సీసీఎంబీ అనుబంధ ల్యాబ్ లాకోన్స్‌కు దేశం నలుమూలల నుంచి అటవీ శాఖలు నమూనాలు పంపుతాయి.

ఇంకో కోణం కూడా ఉంది. డీఎన్‌ఏ రిపోర్టు నేరస్తుణ్ని పట్టిస్తది, తప్పు చేయనివాణ్ని విడిపిస్తది కూడా. దుప్పి మాంసం అని అనుమానంతో పట్టుకున్నది మేక మాంసమని తేలితే ఆ కాగితమే ఆ మనిషికి రక్షణ. ఆవేశంతో, పుకార్లతో తేల్చే దానికన్నా ల్యాబ్‌లో తేల్చేది అందరికీ మేలు.

డబ్బు దారి

అకౌంట్స్ చదివినోళ్లకు ఒక సంగతి తెలుసు: సరుకు దాచొచ్చు గాని, డబ్బు కదిలితే ఎక్కడో ఒక ఎంట్రీ పడతది. మనీ లాండరింగ్ మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2020లో వన్యప్రాణి వ్యాపారం మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. అందులో ముఖ్యమైన మాట: చాలా దేశాలు జంతువును పట్టుకుంటున్నాయి, డబ్బును పట్టుకోవడం లేదు.

డబ్బు దాచే పద్ధతులు మనకు కొత్తవి కావు. తక్కువ విలువ వేసిన ఇన్వాయిస్, ఉన్న వ్యాపారం పేరు మీద లేని ఎగుమతి, పేరుకే ఉన్న కంపెనీ, హవాలా. మన దగ్గర వన్యప్రాణి చట్టం కింద నేరాలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి కూడా వస్తాయి, అంటే ఈడీ దిగి ఆస్తులు జప్తు చేయొచ్చు. కూలీ దగ్గర జప్తు చేయడానికి ఏముంటది? ఈ చట్టం గట్టిగా వాడితే దెబ్బ తగిలేది పైవాళ్లకే.

హవాలా మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. గల్ఫ్ నుంచి ఇంటికి పైసలు త్వరగా వస్తాయని, కమిషన్ తక్కువని కొందరు ఇంకా ఆ దారి వాడుతున్నారు. కష్టపడి సంపాదించిన జీతం ఎవరి దొంగ సొమ్ముతో కలిసి మీ ఇంటికి వస్తోందో మీకు తెలియదు. రేపు ఆ లెక్కలు విప్పితే నోటీసు వచ్చేది మీ పేరు మీద కూడా. బ్యాంకు దారే పట్టండి.

ఎక్కడ ఆగిపోతోంది?

ఇన్ని సంస్థలు ఉన్నా ఈ వ్యాపారం ఆగలేదు. ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక ప్రకారం 2015 నుంచి 2021 మధ్య 162 దేశాలు, ప్రాంతాల్లో పట్టుబడ్డ సరుకులో దాదాపు 4,000 జాతుల జంతువులు, మొక్కలు ఉన్నాయి. ఇది దొరికిన లెక్క మాత్రమే.

కారణాలు మూడు ప్రధానంగా కనిపిస్తాయి. మొదటిది, ఒక దేశంలో ఏడేళ్ల జైలు పడే నేరానికి ఇంకో దేశంలో జరిమానాతో సరి. రెండు దేశాల్లోనూ నేరమైతేనే మనిషిని అప్పగిస్తారు, శిక్ష చిన్నదైతే అది కూడా కష్టమే. రెండోది, ఒక దేశం ఇంకో దేశాన్ని ఫోన్ రికార్డులు, బ్యాంకు ఖాతాలు అడగాలంటే మంత్రిత్వ శాఖల ద్వారా ఉత్తరాలు నడవాలి. నెలలు, ఒక్కోసారి ఏండ్లు పడతది. సరుకు మాత్రం వారంలో పోతది. మూడోది డిమాండ్. కొనేవాళ్లున్నంత కాలం అమ్మేవాళ్లు పుడుతూనే ఉంటారు. ఈ మూడోదాంట్లో కొంత కదలిక వచ్చింది. చైనా 2017 చివరికల్లా దేశంలో ఏనుగు దంతం వ్యాపారాన్ని మూసేసింది, 2020లో అలుగు పొలుసులను అధికారిక మందుల జాబితా నుంచి తీసేసింది.

పట్టుకున్న ప్రాణుల సంగతి కూడా సమన్వయంలో భాగమే. చాలాసార్లు అవి పరాయి దేశంలోనే ఉండిపోతాయి, లేదా చచ్చిపోతాయి. 2018 నవంబరులో సింగపూర్ నుంచి 51 నక్షత్ర తాబేళ్లు విమానంలో బెంగళూరుకు తిరిగొచ్చాయి. వాటిని వాపసు తేవడానికి రెండు దేశాల అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, ఒక విమాన సంస్థ కలిసి పనిచేయాల్సి వచ్చింది. స్మగ్లర్‌కు కావాల్సింది ఒక్క సూట్‌కేసు.

మన ఇండ్లల్లో, మన సూట్‌కేసుల్లో

ఇదంతా ఎక్కడో పెద్దోళ్ల కథ అనుకోవద్దు. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ, నల్లగొండ నుంచి ఉమ్రాకో, కొలువుకో పోయేవాళ్లు ఉన్న ప్రతి ఇంటికీ ఇందులో పని ఉంది. మామూలుగా వచ్చే అనుమానాలు ఇవి.

ఊద్ తెచ్చుకోవచ్చా? సొంత వాడకానికి, మీ సామాన్‌లో మీతో పాటు తెచ్చుకుంటే సైటీస్ కొంత మినహాయింపు ఇస్తుంది. మనిషికి కిలో దాకా ఊద్ చెక్క ముక్కలు, 24 మిల్లీలీటర్ల దాకా ఊద్ నూనె, ఊద్ చెక్కతో చేసిన రెండు తస్బీహ్‌లు. అంతకు మించితే పర్మిట్ కావాలి. అమ్ముకోవడానికి తెచ్చేదానికి, కొరియర్‌లో పంపేదానికి ఈ మినహాయింపు వర్తించదు. కొన్ని దేశాల సొంత రూల్స్ ఇంకా గట్టిగా ఉండొచ్చు. బిల్లు తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

తస్బీహ్ ఏది కొన్నా పర్వాలేదా? మామూలు చెక్క, ప్లాస్టిక్, అఖీఖ్ రాయి అయితే ఏ గొడవా లేదు. ఏనుగు దంతంతో చేసింది అస్సలు వద్దు. జిద్దా, మక్కా బజార్లలో యుస్ర్ అని నల్లగా నిగనిగలాడే తస్బీహ్ అమ్ముతారు. అది ఎర్ర సముద్రపు నల్ల పగడం. సైటీస్ రెండో జాబితాలో ఉంది, మన చట్టంలో నల్ల పగడాలకు కఠినమైన రక్షణ ఉంది. పర్మిట్ లేకుండా తేవొద్దు.

కస్తూరి అత్తర్? బజార్లో మస్క్ పేరుతో దొరికేది చాలావరకు సింథటిక్, దానికి ఇబ్బంది లేదు. "అసలు కస్తూరి, హిరణ్‌ది" అని ఎవరైనా చూపిస్తే పక్కకు జరగండి. మన దేశపు కస్తూరి మృగం సైటీస్ మొదటి జాబితాలో ఉంది.

నెమలి ఈకలు? దర్గాల్లో, ఇండ్లల్లో నెమలి ఈకల కట్టలు చూస్తుంటాం. సహజంగా రాలిన ఈకలు దేశంలో ఉంచుకోవచ్చు. కానీ వాటిని విదేశాలకు తీసుకుపోవడం నిషేధం. గల్ఫ్‌లో ఉన్న చెల్లెకు గిఫ్ట్ అని సూట్‌కేసులో పెట్టొద్దు.

ఇంట్లో చిలుకలు? మన రామచిలుకను పంజరంలో పెంచడమే నేరం, బజార్లో అమ్మినా సరే. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి విదేశీ పక్షులు ఉంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

తాతల నాటి పులి చర్మం, జింక కొమ్ములు? అట్లాంటివి ప్రకటించుకోవడానికి కేంద్రం 2003లో 180 రోజుల గడువు ఇచ్చింది. అప్పటి సర్టిఫికెట్ ఉంటే భద్రంగా పెట్టుకోండి. లేకపోతే అమ్మడం, ఎవరికో ఇవ్వడం చేయకుండా వకీల్ సలహా తీసుకుని అటవీ శాఖకు చెప్పడం మంచిది. పులిగోరు లాకెట్లకూ ఇదే మాట.

రెండు తలల పాము, కోట్లు? వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తిరిగే వీడియోలు. ఆ పాముకు రెండు తలలు లేవు, తోక మొద్దుగా ఉంటది అంతే. కోట్లిచ్చి కొనేవాడూ లేడు. అడ్వాన్సు పేరుతో మోసపోయేవాళ్లు ఒకవైపు, పాముతో పట్టుబడి జైలుకు పోయే పిల్లలు ఇంకోవైపు. పెద్దలు ఇంట్లో యువకులకు ఈ ఒక్క మాట చెప్పాలి.

అమానత్ సంగతి

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైంది. గల్ఫ్ పోయేటప్పుడు తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు "ఈ డబ్బా మా బావకు ఇవ్వు భాయ్, అమానత్" అని చేతిలో పెడతారు. మన దగ్గర కాదనడం కష్టం. అమానత్ అంటే మనకు మాట, నమ్మకం. ఆ నమ్మకాన్నే ముఠాలు వాడుకుంటాయి. పచ్చడి డబ్బా కింద ఏముందో స్కానర్ చూస్తది, మీరు చూడలేదు. బ్యాగేజీ ట్యాగు మీద ఉండేది మీ పేరు. "నాకు తెలియదు" అన్న మాట రుజువు చేయడానికి పరాయి దేశంలో, తెలియని భాషలో, వకీల్‌ను వెతుక్కోవాల్సి వస్తది. వీసా పోతది, కొలువు పోతది, ఇక్కడ ఇల్లు ఆగిపోతది.

కాబట్టి ఎవరు ఏమిచ్చినా మీ ముందే విప్పించి, ఒక్కొక్క వస్తువు చూసి, మీరే మళ్లీ సర్దుకోండి. విప్పడానికి ఒప్పుకోకపోతే తీసుకోవద్దు. నిజంగా అమానత్ అయితే విప్పి చూపించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూట కట్టిన చెక్క ముక్కలు, మందు పొడులు, కొమ్ము, పొలుసు, ఎముక, గవ్వ లాంటివి ఉంటే నిర్మొహమాటంగా కాదనండి.

మన చుట్టుపక్కల ఎవరైనా అలుగును, ఉడుమును, తాబేలును పట్టి అమ్మకానికి పెట్టినట్టు తెలిస్తే దగ్గరి అటవీ శాఖ ఆఫీసుకు గాని, 112కు గాని చెప్పండి. ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టొద్దు, దాంతో అమ్మేవాడు జాగ్రత్తపడతాడు, కొనేవాడికి అడ్రస్ తెలుస్తుంది. తేదీ, చోటు, బండి నంబరు లాంటివి రాసి ఇస్తే చాలు. మట్టపల్లి గట్టున ఇచ్చిన ఒక్క బండి నంబరు సరైన చేతుల్లో పడితే ఆ గట్టు చెక్‌పోస్టు దాకా, అక్కడి నుంచి పోర్టు దాకా పనికొస్తది.